బొద్దింక కందనకాయ

ఇంటర్మీడియట్ జువాలజీ చదివే పిల్లలకు బొద్దింక తప్పదు. దాని నోటి దగ్గర మొదలుపెట్టి చివరిదాకా తిండి పోయే దారిని వరస తప్పకుండా చెప్పగలగాలి. ఆ దారిలో తిండి నిలవుండే సంచి ఒకటి వస్తుంది, దాని వెనకే తిండిని నలగ్గొట్టే చిన్న గట్టి గది. ఆ గది లోపల పళ్ళలాంటి బిళ్ళలు ఆరుంటాయి. దీన్ని ఇంగ్లీషు పాఠ్యపుస్తకం గిజర్డ్ అంటుంది, తెలుగు పుస్తకం అంతర జఠరం అంటుంది. గిజర్డ్ ఇంగ్లీషువాళ్ళ వంటింటి మాట, కోడిని కోసి శుభ్రం చేసే ఇంట్లో అందరికీ తెలిసిన మాట. వాళ్ళ జంతుశాస్త్రజ్ఞులు ఆ మాటను తీసుకెళ్ళి బొద్దింక కడుపులో పెట్టారు. శాస్త్రం పరువు పోయిందని ఎవరూ అనలేదు. మనకూ కోడి ఉంది, కోడి కడుపులో ఆ భాగమూ ఉంది, దానికి కందనకాయ అనే చక్కటి పేరూ ఉంది. మా హైదరాబాద్ పాతబస్తీలో ఉప్పుగూడ రైల్వే స్టేషన్ దగ్గర్నుంచి ఛత్రినాక దాకా ఏ చికెన్ సెంటర్‌లో అడిగినా ఆ పేరు తెలుసు. నాటుకోడి కందనకాయను నిలువునా చీలిస్తే లోపల ఇసుక, చిన్న చిన్న రాళ్ళు, సగం నలిగిన గింజలు కనిపిస్తాయి. వాటిని కడిగేస్తే పసుపుపచ్చని గరుకు పొర బయటపడుతుంది. గోటితో అంచు పట్టి లాగితే అది మొత్తం ఊడి వస్తుంది, కింద ముదురెరుపు కండ మందంగా, బిగువుగా ఉంటుంది. పళ్ళు లేని కోడి గింజను ఎలా నములుతుందో చెప్పడానికి ఇంతకన్నా పాఠం అక్కర్లేదు. ఆ పొరను ఒలిచిన పిల్లకు బొద్దింకలోనూ అలాంటి కందనకాయ ఒకటి ఉందని చెబితే ఒక్క వాక్యంలో అర్థమవుతుంది. అంతర జఠరం అని చెబితే బట్టీ పట్టాల్సిన మాట ఇంకొకటి పెరుగుతుంది, అంతే.

జంతువుల ఒంటి భాగాలకు శాస్త్రం పెట్టే పేరు ఏదైనా, అది కంటితో చూసి పెట్టుకున్న వాడుక మాట మీద నిలబడినప్పుడే మనసులో నిలుస్తుందన్నది నా నమ్మకం. తెలుగు చదువుల్లో ఆ అడుగు మెట్టును మనమే తీసేశాం. ఇంగ్లీషులో పురుగుల ఒంటి మాటలన్నీ గ్రీకు, లాటిన్ ముక్కలే కదా, మనం సంస్కృతం వాడితే తప్పేమిటి అని వెంటనే అడుగుతారు. అవి ఎక్కువభాగం గ్రీకు, లాటిన్ మాటలే, అందులో అనుమానం లేదు. అయితే ఆ మాటలు పుట్టినచోట అవి ఏమిటో చూడాలి. థోరాక్స్ అంటే గ్రీకు సైనికుడు ఛాతీకి కట్టుకునే కవచం. ప్రోబోసిస్ అంటే ఏనుగు తొండం. ప్యూపా అంటే బొమ్మ, లార్వా అంటే దయ్యం లేదా ముసుగు. ఆ చివరి రెండు పేర్లను పురుగుల దశలకు స్థిరపరిచినవాడు లిన్నేయస్. యాంటెన్నా కథ ఇంకా బాగుంటుంది. సీతాకోకచిలుక తల మీద ఉన్నవాటిని అరిస్టాటిల్ కొమ్ములన్నాడు. ఆయన వాడిన గ్రీకు మాటకు తెరచాపను మోసే అడ్డకర్ర అనే అర్థం కూడా ఉంది. 15వ శతాబ్దంలో థియోడోరస్ గాజా ఆ పుస్తకాన్ని లాటిన్‌లోకి తెచ్చేటప్పుడు ఆ అడ్డకర్రకు లాటిన్‌లో ఉన్న యాంటెన్నా అనే మాట పెట్టాడు. ఓడ మీది కర్ర అలా పురుగు తల మీదికి వచ్చింది, పురుగు తల మీంచి రేడియోకు, రేడియో నుంచి మన డాబాల మీది టీవీకి చేరింది. ఈ మాటల్లో ఒక్కటీ బడికోసం పుట్టింది కాదు. అన్నీ ఎవరో ఒకరి ఇంట్లోవి, రేవులోవి, యుద్ధరంగంలోవి.

మన వాడుక కూడా సరిగ్గా ఇదే పని చేసింది. దోమకు, సీతాకోకచిలుకకు ఉన్న గొట్టంలాంటి నోటిని తొండం అన్నప్పుడు గ్రీకువాడు చూసినట్టే మనమూ ఏనుగును చూశాం. ఒంటినిండా నూగుతో పాకే పురుగును గొంగళి పురుగు అన్నాం, గొల్లకురుమలు నేసే గొంగడి గరుకుదనం ఆ పేరులోనే ఉంది. తేలుకు కొండి, పాముకు పడగ, కోర, కుబుసం, తాబేలుకు డిప్ప, చేపకు మొప్పలు, పొలుసులు, నెమలికి పింఛం. మీసాలున్న ప్రతివాడూ మగాడైతే రొయ్యకు లేవా బారెడు మీసాలు అనే సామెత అందరికీ తెలుసు. రొయ్య తల మీంచి సాగి ఉండే ఆ పొడుగాటి పోగుల్ని ఇంగ్లీషు పుస్తకం యాంటెన్నాలనే అంటుంది. అంటే యాంటెన్నాకు తెలుగు ఏమిటన్న ప్రశ్నకు సామెత ఎప్పుడో జవాబు చెప్పింది.

ఏ జంతువు ఒంటికి మాటలు చిక్కగా ఉన్నాయో చూస్తే మన బతుకు దేనిమీద నడిచిందో తెలుస్తుంది. ఆవు, ఎద్దు, గేదెల దగ్గర తెలుగు చాలా సంపన్నమైన భాష. మూపురం, గంగడోలు, పొదుగు, చన్ను, డెక్క, డొక్క, తోక కుచ్చు, నుదుటి సుడి, ఇలా కొమ్ము మొన నుంచి తోక చివరిదాకా ఖాళీ లేకుండా పేర్లున్నాయి. ఉప్పుగూడకు పక్కనే ఉన్న గౌలిపుర పేరు పాడిపశువుల్ని సాకిన గౌలీలను గుర్తు చేస్తుంది. దీపావళి వెళ్ళాక సదర్‌కు దున్నపోతుల్ని నూనె పట్టించి, ముస్తాబు చేసి ఊరేగించే యాదవులు ఇప్పటికీ పశువును కొమ్ము వంపుతో, మెడ బలుపుతో, తోలు నిగనిగతో అంచనా కడతారు. మటన్ కొట్టు దగ్గర ఇంకో పొర చేరుతుంది. అక్కడ తలకాయ, కార్జం, బొక్క, బోటి అనే మాటల పక్కనే కలేజీ, గుర్దా, భేజా, తిల్లి, పాయ, నల్లి వినిపిస్తాయి. అమ్మేవాళ్ళది దక్కనీ ఉర్దూ కావచ్చు, కొనేవాళ్ళది తెలుగు కావచ్చు, మేక ఒంటి దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే భాష. తెలుగు పుస్తకంలో ప్లీహం అని రాసి ఉన్న అవయవం ఎలా ఉంటుందని అడిగితే చాలామంది పెద్దలు కూడా చెప్పలేరు. తిల్లి ఎలా ఉంటుందంటే పాతబస్తీలో కూరకు వెళ్ళే పిల్లవాడు కూడా చెబుతాడు, ముదురెరుపులో, నాలుకలా పలచగా ఉంటుందని.

పురుగుల దగ్గరికి వచ్చేసరికి ఈ సంపద పలచబడుతుంది. తేనెటీగ, పట్టుపురుగు, తేలు తప్పిస్తే చిన్న ప్రాణుల ఒంటితో మనకు పని పడలేదు, అందుకే పేర్లూ పుట్టలేదు. ఇంగ్లీషు పల్లెల్లోనూ అంతే, అందుకే వాళ్ళు గ్రీకు దగ్గరికి పోయారు. ఈ లోటును దాచిపెట్టి తెలుగులో అన్నీ ఉన్నాయని గొప్పలు చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఉన్న మాటల్ని పక్కకు నెట్టేసి లేవనుకోవడం మాత్రం వేరే తప్పు. నా బాధంతా దాని గురించే.

పురుగు ఒంటిని చూడటానికి శాస్త్రీయ నామం ముందు కావాలా, మామూలు మాట ముందు కావాలా అన్న ప్రశ్నకు ఈ నగరంలోనే ఒక గొప్ప సాక్ష్యం ఉంది. 1897 ఆగస్టులో సికింద్రాబాద్ బేగంపేటలో సర్జన్ మేజర్ రొనాల్డ్ రాస్ దోమల్ని కోసి చూస్తున్నాడు. దోమల మీద సరైన పుస్తకం ఆయన చేతిలో లేదు. అనాఫిలస్ అనే పేరును మైగెన్ 1818లోనే పెట్టినా రాస్‌కు అది తెలియదు. కంటికి కనిపించినట్టు బూడిదరంగు దోమలు, చారల దోమలు, రెక్కల మీద మచ్చలున్న దోమలు అని పిలుచుకున్నాడు. మొదటి రెండు రకాల్లో ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. మచ్చల రెక్కల దోమల్ని హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి మీద వదిలి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చాడు. పంకా ఆడిస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని గాలి లేకుండానే కూర్చున్నాడు, చెమట కారి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న దోమ కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మలేరియా గుట్టు విడిపోవడం అక్కడ మొదలైంది, 1902లో నోబెల్ వచ్చింది. దోమను దోమ నుంచి విడదీసి చూపించింది రెక్క మీది మచ్చ అనే అతి మామూలు గుర్తు.

ఈ కథలో రెండో సగం నా వాదనకు ఎదురు తిరుగుతుంది కాబట్టి దాన్నీ చెప్పాలి. ఇటలీలో బాటిస్టా గ్రాస్సీ 1898లో మనిషి మలేరియా అనాఫిలస్ దోమ ద్వారా వస్తుందని చూపించాడు. ఆయన జంతుశాస్త్రంలో ఆరితేరినవాడు, దోమను పేరుతో సహా చెప్పగలిగాడు. మచ్చల రెక్కల దోమ అంటే ఏ దోమ అన్న ప్రశ్నకు రాస్ దగ్గర ప్రపంచం మొత్తానికి పనికొచ్చే జవాబు లేదు. ఇద్దరి మధ్యా పెద్ద తగాదా నడిచింది. ఖండాంతరాలు దాటి మాట్లాడుకోవాలంటే లాటిన్ పేరు కావాల్సిందే. దీన్నుంచి నాకు తేలేది ఒక వరస. చూడటం మామూలు మాటతో జరిగింది, లోకానికి చెప్పడం శాస్త్రీయ నామంతో జరిగింది. మన చదువు ఈ రెండో దాన్ని మొదట పెట్టింది, మొదటిదాన్ని మర్చిపోయింది. వానాకాలంలో డెంగీ గురించి బస్తీల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు ఈ వరస బాగా తెలుసు. నల్లటి ఒళ్ళు, కాళ్ళకు తెల్లటి పట్టీలు ఉన్న టైగర్ దోమ, పగటిపూట కుడుతుంది అంటారు. ఈడిస్ ఈజిప్టై అని మొదలుపెడితే ఎవరూ డ్రమ్ములో నీళ్ళు పారబోయరు.

సంస్కృత సమాసాల గురించి ఇంకో మాట. యాంటెన్నాకు మన పుస్తకాల్లో స్థిరపడ్డ పేరు స్పర్శశృంగాలు. తాకి తెలుసుకునే కొమ్ములని అర్థం. పేరు పెట్టినవాళ్ళు శ్రద్ధగానే ఆలోచించారు, అరిస్టాటిల్‌కు తోచిన కొమ్ములే వాళ్ళకూ తోచాయి. కానీ ఆ పేరు ఒక పనిని ముందే నిర్ణయించింది. మగదోమ తల మీద కుచ్చులా గుబురుగా ఉండే ఆ పోగులు దానికి చెవులు. వాటి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని 1855లో క్రిస్టఫర్ జాన్‌స్టన్ వర్ణించాడు. ఆడదోమ రెక్కల మోత ఆ భాగానికే తెలుస్తుంది. ఆడదోమ పోగులు పలచగా ఉంటాయి, మనిషి వాసన పట్టేది ఎక్కువగా వాటితోనే. వినేదాన్నీ వాసన పట్టేదాన్నీ స్పర్శ అని పిలిస్తే పిల్లల మనసులో తప్పు ముద్ర పడుతుంది. ఇంగ్లీషులో ఫీలర్ అనే వాడుక మాటకూ ఇదే దోషం ఉంది. మీసం అనే మాటకు ఆ దోషం లేదు. అది ఆకారం చెప్పి ఊరుకుంటుంది, పని ఏమిటో మీరే కనుక్కోండి అంటుంది. ఆకారాన్ని పట్టి పెట్టిన పేరు శాస్త్రం ఎంత ముందుకు పోయినా చెల్లుతుంది. ఓడ అడ్డకర్ర ఇన్ని శతాబ్దాలు నిలబడింది ఇందుకేననిపిస్తుంది.

పిల్లికీ మీసమే, రొయ్యకీ మీసమే, బొద్దింకకీ మీసమే అంటే గందరగోళం కాదా అని ఎవరైనా అడగొచ్చు. పిల్లి మీసం వెంట్రుక, బొద్దింకది కణుపులు కణుపులుగా ఉన్న అవయవం. న్యాయమైన ప్రశ్నే. అయితే రెక్క సంగతి ఏమిటి? పావురం రెక్కలో ఎముకలున్నాయి, కండ ఉంది, ఈకలున్నాయి. బొద్దింక రెక్కలో వీటిలో ఒక్కటీ లేదు. అయినా ఏ పుస్తకమూ రెక్క అనే మాటను తప్పుపట్టలేదు. కాలు, కన్ను, తల, నోరు అన్నీ ఇలా పంచుకున్నవే. బొద్దింక గిజర్డూ కోడి గిజర్డూ పుట్టుకలో ఒకటి కావు, ఇంగ్లీషు ఆ తేడాను పాఠంలో వివరించింది తప్ప మాటను వెలివేయలేదు. తేడా చెప్పాల్సిన చోట గ్రీకు పేరు ఎలాగూ ఉంది, అక్కడ వాడుకోవచ్చు.

ఈ నగరంలో ఈ పనికి పూనుకున్నవాళ్ళకు కొదవ లేదు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవాళ్ళు 1906లో ఇక్కడే విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి తెలుగులో శాస్త్ర గ్రంథాలు తెచ్చారు. 1917లో నిజాం ప్రభుత్వం ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం అనువాద విభాగం పెట్టి వైద్యం, సైన్సు అన్నీ ఉర్దూలోకి తేవడానికి పూనుకుంది. మాటల్ని అరబ్బీ మూసలో పోయాలా, ఉర్దూ సొంత పద్ధతిలో కట్టాలా అని ఆ పండితులు గట్టిగా వాదించుకున్నారు. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. ముగ్గురి శ్రమా తక్కువది కాదు, వాళ్ళ పుస్తకాలతో చదివి డాక్టర్లు, ఇంజనీర్లు అయినవాళ్ళు ఎందరో. కానీ శాస్త్రపదం కావాల్సి వచ్చినప్పుడల్లా చూపు ఎక్కువగా అరబ్బీ, ఫారసీ, సంస్కృత నిఘంటువుల వైపే పోయింది. పశువుల కాపరి, చేపలు పట్టేవాడు, మాంసం కోసేవాడు జంతువు ఒంటిని లోపలా బయటా ఎరిగినవాళ్ళు. వాళ్ళను అడగాలన్న ఆలోచన అరుదు. ఆ మాటల మీద ఉన్న చిన్నచూపు ఆ మనుషుల మీది చిన్నచూపే. చదువు పేరుతో దాన్ని తరతరాలుగా పిల్లలకు అందిస్తున్నాం.

అడిగిన సందర్భం ఒకటుంది, దాన్ని తల్చుకుంటే ధైర్యం వస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి నడిపించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వెలువడింది. జిల్లాజిల్లాకూ మనుషుల్ని పంపి, రైతుల నోటి నుంచి వ్యవసాయ పదాలు సేకరించి, ఎక్కడ ఏ మాట ఉందో గుర్తు పెట్టి అచ్చువేశారు. చేనేత సంపుటం 1971లో వచ్చింది. ఒక్కో ఊళ్ళో ఒక్కో మాట ఉంటే దేన్ని తీసుకోవాలి అన్న అభ్యంతరానికి జవాబు ఆ పుస్తకాల పద్ధతిలోనే ఉంది. అన్నీ రాసి పెట్టాలి, ఎక్కువమందికి తెలిసింది పాఠంలోకి రావాలి, మిగతావి పక్కన ఉండాలి. ఎండ్రకాయ అన్నా పీత అన్నా ప్రాణి మారదు.

ఇంగ్లీషు మీడియం రోజుల్లో ఈ గొడవ ఎందుకనే మాట చివరిది, అన్నిటికన్నా బలమైనది. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి దాకా ఇంగ్లీషులో బోధన మొదలైంది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. నీట్ తెలుగులోనూ రాయొచ్చు, అయితే ప్రశ్నలో అనుమానం వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుందన్నది అక్కడి నియమం. కాబట్టి పిల్లలు ఇంగ్లీషు మాట నేర్చుకోవాలి, తప్పదు, నేర్చుకోనివ్వండి. నేను అడుగుతున్నది ఎదుటి పేజీ గురించి. ఇంగ్లీషు పేజీలో అర్థంకాని మాట ఎదురైతే పిల్లవాడి చూపు తెలుగు పేజీ మీదికి వస్తుంది. అక్కడ దానికన్నా కష్టమైన మాట కనిపిస్తే మళ్ళీ ఆ పేజీ తిప్పడు. అక్కడ కందనకాయ, మీసం, తొండం ఉంటే గిజర్డ్, యాంటెన్నా, ప్రోబోసిస్ ఒక్క సాయంత్రంలో వచ్చేస్తాయి. ఉర్దూ ఇంట్లో పుట్టిన పిల్లకు తిల్లి, కలేజీ తెలుసు, అవి రాస్తే ఆ పిల్లకూ ఆ పేజీలో చోటు దొరుకుతుంది. పేరు లేని చోట మొహమాటం లేకుండా ఇంగ్లీషు మాటే రాయొచ్చు. బొద్దింక పక్కల వెంట గాలి పీల్చుకునే చిన్న రంధ్రాలను స్పైరకిల్స్ అన్నా నాకు అభ్యంతరం లేదు.

అయినా అన్నిచోట్లా అలా వదిలేయక్కర్లేదు. బొద్దింక వెనక కొసన చిన్న చిన్న కణుపులతో రెండు కొమ్మల్లాంటివి ఉంటాయి. ఇంగ్లీషులో వాటిని సెర్సై అంటారు. వాటి మీద కంటికి ఆనని సన్నటి నూగు ఉంటుంది, గాలి కాస్త కదిలినా ఆ నూగు వంగుతుంది. చెప్పు దిగేలోపే దాని ముందు వచ్చే గాలి తగిలి బొద్దింక అటు తిరిగి పరుగు తీస్తుంది. ఈ పరుగును చూడనివాళ్ళు ఉప్పుగూడలో ఎవరూ ఉండరు, ఆ అవయవానికి పేరు తెలిసినవాళ్ళు చాలా కొద్దిమంది. ముందు ఉన్నవి మీసాలైతే వీటిని తోకమీసాలు అనొచ్చని నాకు అనిపిస్తుంది. ఇంతకన్నా మంచి పేరు బడి పిల్లలకు తోస్తే అదే పుస్తకంలోకి ఎక్కాలి, కాకపోతే వాళ్ళు ముందు బొద్దింకను దగ్గర్నుంచి చూడాలి.